నిండా ఒక నిమిషం: ఐసీయూలో ఊపిరి తీరును చదవడం

(హైదరాబాద్‌లో ఐసీయూ నర్సులు, జూనియర్ డాక్టర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే అక్షరాల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం.

ఏ ఐసీయూలోనైనా నైట్ డ్యూటీ చార్టు తీసి చూడండి. పల్స్ గంట గంటకీ మారుతూ ఉంటుంది. 92, 104, 98. బీపీ కూడా అంతే. శ్వాస గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పై నుంచి కింది దాకా 20, 20, 20, 18, 20. పక్క బెడ్ చార్టులోనూ అదే వరస. అంతమంది రోగులూ ఒకే లెక్కన ఊపిరి తీయరు కదా. ఎవరినో తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. పల్స్, బీపీ, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఇవి మిషనే చెప్పేస్తుంది. ఊపిరి ఒక్కటే మనిషి దగ్గర నిలబడి లెక్కపెట్టాల్సింది. దానికి నిండా ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం పెడితే ఏం కనబడుతుందో, పెట్టకపోతే ఏం తప్పిపోతుందో ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందు ఒక విషయం. రోగి చెడిపోతున్నప్పుడు మొదట మారే అంకెల్లో శ్వాస రేటు ఒకటి. రక్తంలో ఆమ్లం పెరిగినా, ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, కాలి నుంచి గడ్డ వచ్చి ఊపిరితిత్తి రక్తనాళంలో ఇరుక్కున్నా, శరీరం ముందుగా చేసే పని ఊపిరి వేగం పెంచడమే. సాచురేషన్ అప్పటికింకా 96 ఉంటుంది. ఎందుకు ఉంటుందంటే, రోగి నిమిషానికి 32 సార్లు కష్టపడి ఊపిరి తీసి దాన్ని 96 దగ్గర నిలబెడుతున్నాడు కాబట్టి. పైన మనం మాస్క్ కూడా పెడతాం. ఇక ఆ 96ని చూసి ధైర్యంగా కూర్చుంటాం. ఆ శక్తి అయిపోయిన గంటలో సాచురేషన్ ఒక్కసారి జారిపోతుంది. అప్పుడు 'సడెన్‌గా అరెస్ట్ అయ్యాడు', అంటే గుండె ఆగింది, అని రాసుకుంటాం. చాలా కేసుల్లో అది సడెన్ కాదు. కొన్ని గంటల ముందు నుంచీ ఛాతీ చెబుతూనే ఉంది.

మానిటర్లో శ్వాస అంకె ఉంది కదా అని మీరు అడగొచ్చు. అది ఎలా వస్తుందో తెలిస్తే ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది. ఈసీజీ కోసం అంటించిన ఎలక్ట్రోడ్ల మధ్య మిషన్ చాలా చిన్న కరెంటు పంపుతుంది. ఛాతీ ఉబ్బినప్పుడు ఆ దారిలో నిరోధం కొంచెం మారుతుంది. ఆ మార్పుల్ని లెక్కపెట్టి అంకె చూపిస్తుంది. అంటే అది లెక్కపెట్టేది ఛాతీ కదలికనే, లోపలికి పోయే గాలిని కాదు. నాలుక వెనక్కి పడి గొంతు మూసుకుపోయిన రోగి ఛాతీని ఎగరేస్తూనే ఉంటాడు, గాలి పోదు, మానిటర్ మాత్రం 24 చూపిస్తూనే ఉంటుంది. రోగి చెయ్యి కదిపినా, ఫిజియో చేయిస్తున్నా అవి కూడా శ్వాసల్లో కలుస్తాయి. ఊపిరి బాగా పైపైన ఉన్నప్పుడు గుండె కొట్టుకోవడాన్నే శ్వాస అనుకుని లెక్కపెడుతుంది. శ్వాస అంకె, పల్స్ అంకె పక్కపక్కన ఒకేలా కనబడితే అనుమానపడండి. కడుపుతో ఊపిరి తీసే రోగికి కింది ఎలక్ట్రోడ్‌ని ఎడమవైపు పొట్ట బాగా కదిలే చోట అంటిస్తే అంకె కొంచెం మెరుగవుతుంది. అయినా లెక్కపెట్టడానికి అది బదులు కాదు.

లెక్కపెట్టడం ఎలా? దుప్పటి పక్కటెముకల కింది వరకు దించండి. మణికట్టు పట్టుకుని పల్స్ చూస్తున్నట్టే ఉండండి. 'మీ ఊపిరి లెక్కపెడుతున్నాను' అని చెప్పారా, ఆ క్షణమే ఊపిరి తీరు మారిపోతుంది. పూర్తిగా 60 సెకన్లు చూడండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క శ్వాస అటూ ఇటూ అయినా చార్టులో నాలుగు తేడా వస్తుంది. ఆ నాలుగు తేడా ఎంత పెద్దదో చూడండి. రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో అంకెల్లో చెప్పే న్యూస్ 2 స్కోరులో శ్వాస రేటు 12 నుంచి 20 వరకు సున్నా. 21 నుంచి 24 వరకు 2 మార్కులు. 25, ఆ పైన 3 మార్కులు. ఇటువైపు 9 నుంచి 11కి ఒకటి, 8కి, ఆ కిందికి మళ్ళీ 3. ఒక్క అంశంలోనే 3 వచ్చిందంటే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి. 25 ఉన్న రోగికి అలవాటుగా 20 రాస్తే, రావాల్సిన డాక్టర్ రాడు.

అంకెతో పాటు మూడు సంగతులు రాయండి. లోతు, లయ, శ్రమ. 'ఆర్ఆర్ 30', అంటే శ్వాస రేటు 30, అని రాస్తే సగం సమాచారమే. నిమిషానికి 30 లోతైన శ్వాసలకు కారణం ఒకటి, 30 పైపై శ్వాసలకు కారణం వేరొకటి, వైద్యం వేరొకటి.

శ్రమను చూడటానికి మంచం కాళ్ళ వైపు నిలబడండి. అక్కడ నుంచి ఛాతీ రెండు పక్కలూ, పొట్టా ఒకేసారి కనబడతాయి. ముక్కు పుటాలు ఎగురుతున్నాయా, మెడ కండరాలు తాళ్ళలా బిగుస్తున్నాయా, మెడ గుంట లోపలికి పోతోందా, డొక్కలు ఎగరేస్తున్నాడా చూడండి. 'ఏం తిన్నారు పొద్దున?' అని అడగండి. వాక్యం మొత్తం చెప్పగలిగితే ఒక లెక్క, రెండు మాటలకోసారి ఆగితే ఒక లెక్క, తల మాత్రమే ఊపితే ఇంకో లెక్క. మన దగ్గర రోగులు 'దమ్మొస్తుంది' అంటారు, 'గాలి అందట్లేదు' అంటారు, పాతబస్తీ వాళ్ళు 'సాఁస్ ఫూల్ రహీ హై' అంటారు. ఆ మాట చార్టులో రాయండి. అయితే రోగి ఆయాసం లేదన్నాడు కదా అని లెక్కపెట్టడం మానొద్దు. ఆయాసం రోగికి తెలిసేది, రేటు మనకు కనబడేది. కొందరిలో ఈ రెండూ కలవవు. కోవిడ్ రోజుల్లో 80 సాచురేషన్‌తో ఫోన్లో మాట్లాడుతున్న రోగుల్ని మీలో చాలామంది చూసే ఉంటారు.

తర్వాత ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టండి. మామూలుగా ఊపిరి పీల్చినప్పుడు రెండు చేతులూ కలిసి లేస్తాయి. డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం, అలసిపోయిందంటే ఛాతీ పైకి లేస్తుంది, పొట్ట లోపలికి పోతుంది. కింది చెయ్యి దిగిపోవడం అరచేతికి స్పష్టంగా తెలుస్తుంది. కొందరిలో నాలుగు శ్వాసలు ఛాతీతో, నాలుగు శ్వాసలు పొట్టతో, ఇలా మార్చి మార్చి వస్తాయి. రెండూ అలసటకు గుర్తులే. బాగా ముదిరిన సీఓపీడీ (గాలిదారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తి జబ్బు) రోగుల్లో ఊపిరి పీల్చేటప్పుడు కింది పక్కటెముకలు బయటికి రావాల్సింది పోయి లోపలికి లాగుతాయి. ఊపిరితిత్తులు ఉబ్బి డయాఫ్రం బల్లపరుపుగా అయిపోవడం వల్ల అలా జరుగుతుంది.

ఇక్కడ అతి ప్రమాదకరమైన పొరపాటు ఒకటుంది. రాత్రంతా 38 తీసిన ఆస్తమా రోగి తెల్లవారుజామున 16కి వచ్చాడు. ప్రశాంతంగా కళ్ళు మూసుకున్నాడు. బంధువులు 'ఇప్పుడే కునుకు పట్టింది, లేపకండి సిస్టర్' అంటారు. లేపండి. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచి సమాధానం చెప్పి, పిల్లికూతలు తగ్గి, గాలి రెండు వైపులా బాగా పోతుంటే నిజంగానే తగ్గింది. పిలిస్తే పలకకపోయినా, ఛాతీలో ఏ శబ్దమూ వినబడకపోయినా అది అలసిపోయి ఆగిపోబోతున్న మనిషి కునుకు. ఆస్తమా దాడిలో 30 తీస్తున్న రోగి ఏబీజీలో (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) పీసీఓటూ, అంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి, 40 వస్తే 'నార్మల్' అని పక్కన పెట్టకండి. అంత వేగంగా ఊపిరి తీసేవాడికి అది 35 కిందికి దిగి ఉండాలి. 40 ఉందంటే కండరాలు చేతులెత్తేస్తున్నాయని అర్థం.

ఇక లోతైన వేగమైన ఊపిరి. 1874లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ డయాబెటిక్ కోమాలో ఉన్న రోగుల్లో దీన్ని వర్ణించాడు. గాలి ధారాళంగా లోపలికి పోతుంది, బయటికి వస్తుంది, అడ్డంకి ఎక్కడా ఉండదు, ఊపిరితిత్తులు వింటే శుభ్రంగా ఉంటాయి. అయినా పరుగెత్తి వచ్చినవాడిలా రొప్పుతూనే ఉంటాడు. ఊపిరితిత్తి జబ్బు కాదిది. రక్తంలో ఆమ్లం పెరిగింది, శరీరం కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తోసి సర్దుకుంటోంది. షుగర్ కీటోన్లు, సెప్సిస్‌లో (ఒళ్ళంతా పాకిన ఇన్‌ఫెక్షన్) పేరుకునే లాక్టేట్, కిడ్నీ ఫెయిల్యూర్, మిథనాల్ కలిసిన కల్తీ సారా, వీటన్నిట్లోనూ ఇదే చిత్రం. ఛాతీ శుభ్రంగా ఉండి రొప్పుతున్న రోగికి నెబ్యులైజేషన్ మీద నెబ్యులైజేషన్ పెడుతుంటారు. ముందు గ్లూకోమీటర్ తీయండి, ఏబీజీ పంపండి.

ఏబీజీ వచ్చాక ఒక చిన్న లెక్క. బైకార్బ్‌ని (రక్తంలో ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్) ఒకటిన్నరతో గుణించి 8 కలపండి. పీసీఓటూ ఆ చుట్టుపక్కల, రెండు అటూ ఇటూగా ఉండాలి. బైకార్బ్ 8 అయితే 12కి 8 కలిపి 20. రోగి పీసీఓటూ 20 ఉంటే సర్దుబాటు సరిగ్గానే ఉంది. 30 ఉంటే ఇక అతని వల్ల కావడం లేదు. పీహెచ్ (రక్తం ఆమ్లత కొలత) ఇంకా ఫర్వాలేదనిపించినా సరే, అది జారబోతోంది.

ఈ రోగికి గొంతులో ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద పెట్టాల్సి వస్తే ఏం జరుగుతుందో జూనియర్ డాక్టర్లు జాగ్రత్తగా వినండి. అతను నిమిషానికి 32 సార్లు, ఒక్కో శ్వాసకు 600 ఎంఎల్ చొప్పున తీస్తున్నాడనుకోండి. నిమిషానికి 19 లీటర్లు. మీరు కండరాలు పడేసే మందిచ్చి, ట్యూబ్ వేసి, అలవాటు ప్రకారం 450 ఎంఎల్, రేటు 14 పెట్టారు. నిమిషానికి 6.3 లీటర్లు. పీసీఓటూ 20 నుంచి 60 వైపు ఎక్కుతుంది. బైకార్బ్ 8తో పీసీఓటూ 20 ఉన్నప్పుడు పీహెచ్ 7.22. అదే బైకార్బ్‌తో 60కి చేరితే 6.75. గుండె ఆగేది అక్కడే. 'ఇంట్యుబేట్ చేయగానే అరెస్ట్ అయ్యాడు' అనే కేసుల్లో కొన్ని ఇవే. కాబట్టి అలసట లేకపోతే, స్పృహ ఉంటే, ట్యూబ్ జోలికి పోకుండా ఫ్లూయిడ్లు, ఇన్సులిన్, అవసరమైతే డయాలిసిస్‌తో మూలకారణాన్ని తగ్గించండి. తప్పనిసరైతే రేటు 28 నుంచి 32 పెట్టి మొదలుపెట్టండి. 170 సెంటీమీటర్ల మగ మనిషికి ఎత్తు ప్రకారం బరువు 66 కిలోలు, కిలోకి 8 ఎంఎల్ అంటే దాదాపు 530 ఎంఎల్. 32తో గుణిస్తే 17 లీటర్లు. చూశారా, అంత పెట్టినా అతను సొంతంగా తీసుకున్న 19 లీటర్లకు చేరలేదు. అందుకే ట్యూబ్ వేయడానికి అంత వెనకాడమనేది. రేటు పెంచినప్పుడు గాలి పూర్తిగా బయటికి వస్తోందో లేదో వెంటిలేటర్ తెర మీద ఫ్లో (గాలి ప్రవాహం) గ్రాఫ్‌లో చూడండి. గీత సున్నాకి రాకముందే తర్వాతి శ్వాస మొదలైతే గాలి లోపల పేరుకుంటోంది. 15, 20 నిమిషాల్లో మళ్ళీ ఏబీజీ.

లయ సంగతికి వద్దాం. డబ్లిన్‌లో జాన్ చెయ్‌న్ 1818లో, విలియం స్టోక్స్ 1854లో రాసిన ఊపిరి మీరు తరచూ చూసేదే. చిన్నగా మొదలై, శ్వాస శ్వాసకూ పెద్దదై, మళ్ళీ చిన్నదై, ఆగిపోతుంది. కొన్ని సెకన్ల తర్వాత మళ్ళీ మొదలు. హార్ట్ ఫెయిల్యూర్‌లో, స్ట్రోక్‌లో, కిడ్నీ రోగుల్లో వస్తుంది. గుండె నెమ్మదిగా పంపుతోంది కాబట్టి ఊపిరితిత్తిలో మారిన కార్బన్ డయాక్సైడ్ కబురు మెదడుకి ఆలస్యంగా చేరుతుంది. కబురు అందేసరికి అవసరానికి మించి తీసేసి ఉంటాడు. మెదడు ఆపుతుంది. ఆ ఆపు కూడా ఆలస్యంగానే సరిదిద్దుకుంటుంది. ఒక చుట్టు పూర్తవడానికి హార్ట్ ఫెయిల్యూర్‌లో నిమిషం దాకా, ఒక్కోసారి ఆ పైన పడుతుంది. 15 సెకన్ల లెక్క ఇక్కడ పూర్తిగా బోల్తా కొడుతుంది. ఆగిన చోట చూస్తే సున్నా, శిఖరం దగ్గర చూస్తే 40. ఈ రోగికి రెండు నిమిషాలు లెక్కపెట్టి సగం చేయండి. ఎన్ని సెకన్లు ఆగుతోందో విడిగా రాయండి. ఇది కనబడగానే ట్యూబ్ ట్రే తెప్పించనవసరం లేదు. కొత్తగా వచ్చిందా, స్పృహ మారిందా అన్నది చూడాలి.

ఫ్రెంచ్ వైద్యుడు బియో 1876లో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రోగుల్లో వర్ణించింది వేరు. అందులో పెరగడం తగ్గడం ఉండదు. నాలుగైదు శ్వాసలు ఒకే లోతుతో వస్తాయి, టక్కున ఆగుతుంది, మళ్ళీ నాలుగైదు. ఇంకా ముదిరితే ఏ లెక్కకూ అందకుండా ఒకటి పెద్దది, రెండు చిన్నవి, ఆపు, మళ్ళీ ఒకటి, ఇలా చిందరవందరగా ఉంటుంది. మెదడు అడుగున ఊపిరిని నడిపే మెడుల్లా నలుగుతోందన్నమాట. తల ఆపరేషన్ అయిన రోగిలో బీపీ పెరుగుతూ, పల్స్ తగ్గుతూ, ఊపిరి లయ తప్పిందంటే తలలో ఒత్తిడి పెరిగినట్టే. న్యూరోసర్జన్‌కి అప్పుడే ఫోన్ చేయాలి, సీటీకి పంపేలోపు ఊపిరిదారి భద్రం చేయాలి. మెడుల్లాకి పైన ఉండే పాన్స్ దెబ్బతిన్నప్పుడు పీల్చిన ఊపిరి అలాగే పట్టుకుని ఉండిపోవడం లాంటివి కూడా పుస్తకాల్లో ఉన్నాయి కానీ అరుదు, వాటి పేర్ల కోసం సమయం పెట్టను.

దీనికి ఎదురు వైపు, శబ్దం లేని ఊపిరి. ఆపరేషన్ తర్వాత ఫెంటనిల్, మార్ఫిన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు నడుస్తున్న రోగి. నిమిషానికి 7, పైపైన. కనుపాపలు సూదిమొనల్లా ఉంటాయి. ఇబ్బంది పడడు, పిలవడు, అలారం కొట్టించడు. మాస్క్‌తో ఆక్సిజన్ పోతుంటే పీసీఓటూ 80కి చేరినా సాచురేషన్ 97 చూపిస్తుంది. ఈ రోగిని సాచురేషన్ పట్టుకోలేదు, రేటు, మత్తు స్థాయి పట్టుకుంటాయి. ముక్కు దగ్గర పెట్టి, వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే క్యాప్నోగ్రఫీ ఉంటే ఇంకా మేలు. మార్ఫిన్ శరీరంలో విరిగి తయారయ్యే పదార్థం కిడ్నీల ద్వారానే పోవాలి. కాబట్టి కిడ్నీ రోగికి రాత్రి ఇచ్చిన డోసు పొద్దుటికీ పనిచేస్తూ ఉంటుంది. పైగా నిద్రమత్తు మందు మిడజోలం కలిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పిలిచి, భుజం తట్టి, ఊపిరి తీయమని చెప్పండి. చాలకపోతే బ్యాగ్ మాస్క్‌తో చేత్తో గాలి కొట్టండి. ఈ మందులకి విరుగుడైన నలోక్సోన్ యాంపూల్ ఒక ఎంఎల్‌లో 0.4 మిల్లీగ్రాములు. దాన్ని సెలైన్‌తో 10 ఎంఎల్ చేసి ఒకటి, రెండు ఎంఎల్ చొప్పున రెండు మూడు నిమిషాలకోసారి ఇవ్వండి. రేటు 10, 12కి వస్తే ఆపండి. యాంపూల్ మొత్తం ఒక్కసారి కొడితే నొప్పి అంతా తిరిగొచ్చి బీపీ ఆకాశానికి ఎక్కుతుంది. గంటలోపే నలోక్సోన్ దిగిపోవచ్చు, మత్తుమందు ఇంకా ఉంటుంది. రోగి మళ్ళీ మత్తులోకి జారతాడు. ఆ గంటన్నర, రెండు గంటలు వదిలి పోకండి.

మత్తు మందుల దగ్గర మన ఊరి చరిత్ర ఒకటి చెప్పుకోవాలి. క్లోరోఫాం ఇచ్చినప్పుడు రోగులు ఎందుకు చనిపోతున్నారు, ముందు ఆగేది గుండెనా, ఊపిరా అని ప్రపంచమంతా వాదులాడుకుంటున్న రోజుల్లో 1888లో ఒకసారి, 1889లో మరోసారి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని చూస్తున్న ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పెట్టుకున్నాడు. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ కూడా వచ్చాడు. వందల జంతువుల మీద పరీక్షించి, ముందు ఆగేది ఊపిరే, మత్తిచ్చేవాడి కళ్ళు ఊపిరి మీదే ఉండాలి అని తేల్చారు. గుండెకేం కాదన్న మాటలో వాళ్ళు పొరబడ్డారు. తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే గుండె ఫిబ్రిలేషన్‌లోకి, అంటే రక్తం పంపలేని వణుకులోకి, పోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. అయినా ఊపిరిని కన్నార్పకుండా చూడమన్న వాళ్ళ మాట ఈ రోజుకీ నిలబడుతుంది.

తెలంగాణ జిల్లాల నుంచి మన ఊరికి అంబులెన్సుల్లో వచ్చే రోగుల్లో పురుగుమందు తాగినవాళ్ళు, కట్లపాము కాటుతో వచ్చినవాళ్ళు ఉంటారు. వీళ్ళ ఊపిరి గురించి ఎక్కువసేపు మాట్లాడతాను. ఎందుకంటే కండరాలు పడిపోయిన రోగి ఆయాసం చూపించడు. చూపించడానికి కూడా కండరం కావాలి. మెడ బిగించలేడు, ముక్కు పుటాలు ఎగరేయలేడు, డొక్కలు లాగలేడు. నిశ్శబ్దంగా, పైపైన, కొంచెం వేగంగా తీస్తుంటాడు. చూసేవాళ్ళకి హాయిగా పడుకున్నట్టే ఉంటుంది.

ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు తాగిన రోగికి మొదటి రోజు నోటి నిండా నురగ, ఛాతీ నిండా గురగుర. విరుగుడు మందు అట్రోపిన్‌తో ఛాతీ పొడిబారుతుంది, రోగి లేచి మాట్లాడతాడు, అందరం ఊరట చెందుతాం. తాగిన 24 నుంచి 96 గంటల మధ్యలో రెండో దెబ్బ వస్తుంది. శ్రీలంకలో సేనానాయకే, కరళ్ళియద్దె 1987లో వర్ణించిన ఇంటర్మీడియట్ సిండ్రోమ్. మొదట పోయేది మెడ. కాబట్టి పూటకోసారి కాదు, నాలుగు గంటలకోసారి 'తల దిండు మీద నుంచి ఎత్తండి' అని అడగండి. మీ అరచేతిని నుదుటి మీద పెట్టి తేలిగ్గా అడ్డుపట్టండి. నిన్న ఎత్తినవాడు ఈ రోజు ఎత్తలేకపోతే, సాచురేషన్ 99 ఉన్నా సరే, అతను వెంటిలేటర్ వైపు నడుస్తున్నాడు. దీనికి అట్రోపిన్ పనిచేయదు, డోసు పెంచితే జ్వరం, కలవరింతలే మిగులుతాయి. కావాల్సింది వెంటిలేటర్, కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల ఓపిక. నిన్న రాత్రి బాగున్నాడని మూడో రోజు వార్డుకి మార్చే తొందర ఈ రోగి విషయంలో వద్దు.

రెండో పరీక్ష, ఒక్క ఊపిరి లెక్క. నిండా ఊపిరి పీల్చుకుని సెకనుకి రెండు చొప్పున ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టమనండి. ఆరోగ్యవంతులు 40, 50 దాకా వెళ్తారు. 20 దాటకపోతే జాగ్రత్త, 15 కూడా రాకపోతే డాక్టర్ పక్కనే ఉండాలి. ఒక్కసారి వచ్చిన అంకె కంటే పొద్దున 32, మధ్యాహ్నం 24, సాయంత్రం 17 అనే వరస ముఖ్యం. గీలన్ బారే (నరాలు దెబ్బతిని కండరాలు పడిపోయే జబ్బు) రోగికీ ఇదే. స్పైరోమీటర్ ఉంటే వైటల్ కెపాసిటీ (నిండా పీల్చి పూర్తిగా వదలగలిగే గాలి) కిలోకి 20 ఎంఎల్ కిందికి వచ్చినప్పుడే ట్యూబ్ గురించి నిర్ణయం తీసుకోవాలి. పీసీఓటూ పెరిగేదాకా ఆగితే ఆలస్యం.

కట్లపాము సాధారణంగా రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. వాపు, నొప్పి పెద్దగా ఉండవు, కాటు గుర్తు కూడా కనబడకపోవచ్చు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఆ వెనకే ఊపిరి. యాంటీవీనం (పాము విషానికి విరుగుడు) ఇస్తూనే తల ఎత్తించి చూస్తూ ఉండండి. ఇంకో సంగతి మనసులో గట్టిగా పెట్టుకోండి. పూర్తిగా పడిపోయిన కట్లపాము రోగి కళ్ళు తెరవడు, వేలు కదపడు, కనుపాపలు కూడా వెలుతురుకి కదలకపోవచ్చు. చూస్తే మెదడు చనిపోయినట్టే ఉంటుంది. కానీ లోపల అన్నీ వింటూ ఉండవచ్చు. వెంటిలేటర్ మీద ఊపిరి నిలబెడితే చాలామంది లేచి నడిచి ఇంటికి వెళ్తారు. అతని తల దగ్గర నిలబడి 'ఇక లాభం లేదు' అనొద్దు. పేరు పెట్టి పిలిచి ఏం చేస్తున్నారో చెప్పి చేయండి.

వెంటిలేటర్ మీద ఉన్న రోగికి లెక్క అవసరం లేదనుకుంటారు. మరీ అవసరం. పొట్ట మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టండి, తెర మీద అంకెతో పోల్చండి. మీ చేతికి 30 వచ్చి, మిషన్ 18 అంటే, రోగి అడిగిన ప్రతి అయిదు శ్వాసల్లో రెండు మిషన్‌కి వినబడలేదు. సీఓపీడీలో గాలి లోపల పేరుకున్నప్పుడు, ప్రెషర్ సపోర్ట్ (రోగి తీసే శ్వాసకు మిషన్ ఇచ్చే తోడ్పాటు) మరీ ఎక్కువైనప్పుడు ఇలా జరుగుతుంది. సపోర్ట్ తగ్గించాలి, పీల్చే సమయం కుదించాలి, పిల్లికూతలకి మందివ్వాలి. దీనికి తిరగబడిన కేసు ఇంకోటి. రోగి కదలకుండా ఉన్నాడు, మిషన్ మాత్రం 35 కొడుతోంది. ముందు ట్యూబింగ్ చూడండి. పల్లంలో నీళ్ళు నిలిచి తొణుకుతుంటే మిషన్ అదే శ్వాస అనుకుంటుంది. ట్యూబ్ చుట్టూ ఉండే గాలి బుడగ, కఫ్, లీకైనా అంతే. నీళ్ళు పారబోస్తే అయ్యే పనికి సెడేషన్ (మత్తు) పెంచకూడదు.

వెంటిలేటర్ రోగి ఉన్నట్టుండి గింజుకుంటే ట్యూబ్ జరిగిందా, కఫంతో మూసుకుందా, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) వచ్చిందా, మిషనే చెడిందా, ఈ వరసలో చూడండి. తేలకపోతే మిషన్ తీసేసి నూరు శాతం ఆక్సిజన్‌తో బ్యాగ్ చేయండి. బ్యాగ్ తేలిగ్గా పోయి రోగి కుదుటపడితే తప్పు మిషన్‌లో ఉంది. బ్యాగ్ గట్టిగా ఉంటే ట్యూబ్‌లోనో ఛాతీలోనో ఉంది.

వీనింగ్ రోజు, అంటే వెంటిలేటర్ నుంచి విడిపించే రోజు, శ్వాస రేటుకి ఇంకా విలువ. యాంగ్, టోబిన్ 1991లో ఇచ్చిన లెక్క మీకు తెలిసిందే, రేటుని లీటర్లలో టైడల్ వాల్యూమ్‌తో (ఒక్కో శ్వాసలో పోయే గాలి) భాగించడం. 24, 0.4 అయితే 60. 36, 0.25 అయితే 144. 105 దాటితే తట్టుకోవడం కష్టం. వాళ్ళు మిషన్ సాయం లేకుండా కొలిచారు. మీరు ప్రెషర్ సపోర్ట్ మీద కొలిస్తే అంకె అందంగా కనబడుతుందని గుర్తుంచుకోండి. మిషన్ సాయం తగ్గించి చూసే ట్రయల్ పెట్టి టీకి వెళ్ళిపోకండి. మొదటి అయిదు నిమిషాలు పక్కనే ఉండండి, ఓడిపోయేవాళ్ళలో చాలామంది ఆ కాసేపట్లోనే రేటు పెంచి, చెమటలు పట్టి తెలియజేస్తారు. 35 దాటి అయిదు నిమిషాలు నిలిచిందంటే ఆపేయండి. రోగిని అలసిపోయేదాకా నడిపిస్తే తర్వాతి రోజు కూడా పోతుంది.

హై ఫ్లో (ముక్కు గొట్టాలతో వేగంగా ఇచ్చే ఆక్సిజన్) మీద ఉన్నవాళ్ళకి రాక్స్ ఇండెక్స్ వేస్తున్నారు. సాచురేషన్‌ని ఎఫ్ఐఓటూతో (పీల్చే గాలిలో ఆక్సిజన్ వంతు) భాగించి, దాన్ని శ్వాస రేటుతో భాగిస్తారు. సాచురేషన్ 92, ఎఫ్ఐఓటూ 0.6, నిజమైన రేటు 40 అయితే 3.8. 4.88 పైన ఉంటే హై ఫ్లోతో గట్టెక్కే అవకాశం ఎక్కువ. 3.8 అంటే ట్యూబ్ ట్రే దగ్గర పెట్టుకోవాలి. అదే రోగికి చార్టులో అలవాటు ప్రకారం 20 రాస్తే 7.7 వస్తుంది. ఫార్ములా తప్పు కాదు, దానికి పెట్టిన అంకె తప్పు.

ఎగశ్వాస గురించి ఒక్క మాట. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో నోరు తెరిచి, దవడ కదిపి, ఎప్పుడో ఒకటి తీసే ఊపిరి ఊపిరి కాదు. 'శ్వాస ఉంది సార్' అంటూ సాచురేషన్ ప్రోబ్ వేలు మార్చుకుంటూ కూర్చోవద్దు. పిలిస్తే పలకలేదు, పది సెకన్లలో పల్స్ దొరకలేదు, సీపీఆర్ మొదలుపెట్టండి. వైద్యం ఆపాలని కుటుంబంతో కలిసి ముందే నిర్ణయించిన రోగిలో ఇదే ఊపిరి వస్తే మాత్రం, అది వస్తుందని, ఎలా ఉంటుందని బంధువులకి ముందే చెప్పి ఉంచాలి. చెప్పకపోతే ఆ దృశ్యం వాళ్ళని ఏళ్ళ తరబడి వదలదు.

ప్రశ్నలుంటే అడగండి.

(వెనక వరసలో ఒక సిస్టర్: ముగ్గురు పేషెంట్లకి ఒక్కరమే ఉంటాం మేడమ్, ప్రతి గంటా నిమిషం నిమిషం ఎలా కుదురుతుంది?)

కష్టమే అమ్మా. ముగ్గురికి ఒక్కరు ఉండటమే సరికాదు, ఆ సంగతి మేనేజ్‌మెంట్లతో మేం కొట్లాడాల్సింది. ఈలోగా ఇలా చేయండి. డ్యూటీ తీసుకోగానే ముగ్గురినీ నిండా నిమిషం చొప్పున చూడండి. నిలకడగా ఉన్న రోగికి, వెంటిలేటర్ మీద కుదురుగా ఉన్న రోగికి తర్వాత నాలుగు గంటలకోసారి చాలు. ఆక్సిజన్ పెంచిన ప్రతిసారీ, మత్తుమందు ఇచ్చిన ప్రతిసారీ, ట్యూబ్ తీశాక, స్పృహ మారినప్పుడు మాత్రం తప్పనిసరి. లెక్కపెట్టలేకపోయిన గంటకి గడి ఖాళీగా వదలండి. ఖాళీ గడి చూసి ఎవరైనా వెళ్ళి లెక్కపెడతారు. 20 చూసి ఎవరూ వెళ్ళరు.

(ఇంకొకరు: డాక్టర్‌కి ఫోన్ చేసి ఆయాసంగా ఉందంటే, ప్రొపప్ చేసి (తలవైపు ఎత్తి కూర్చోబెట్టి) ఆక్సిజన్ పెంచమంటారు. రారు.)

'ఆయాసంగా ఉంది సార్' అంటే అదే జవాబు వస్తుంది. ఇలా చెప్పి చూడండి. 'బెడ్ నాలుగు, న్యుమోనియా, రెండో రోజు. పది గంటలకి రేటు 24, ఇప్పుడు నిమిషం లెక్కపెట్టాను, 36. పీల్చినప్పుడు పొట్ట లోపలికి పోతోంది. రెండు మాటలకి మించి మాట్లాడలేకపోతున్నాడు. మాస్క్ 6 లీటర్ల నుంచి 10కి పెంచాం, సాచురేషన్ 94. ఏబీజీ తీస్తున్నాను, మీరు వచ్చి చూడాలి.' ఇది విన్న ఏ డ్యూటీ డాక్టరూ ఫోన్లోనే సరిపెట్టకూడదు. పది నిమిషాల్లో రాకపోతే కన్సల్టెంట్‌కి చేయండి. మొదటి ఫోన్ టైమ్, రెండో ఫోన్ టైమ్, అప్పటి రేటు, మూడూ చార్టులో రాయండి.